మా అమ్మమ్మ నెప్ట్యూన్ ప్రయాణాలు

మనుషులు చంద్రుడి దాకా వెళ్లొచ్చామని గొప్పలు చెప్పుకుంటారు. మా అమ్మమ్మ నెప్ట్యూన్ దాకా వెళ్లొచ్చింది. అదీ నడిచి. అదీ ప్రతి ఆదివారం. అక్కడ కూర్చుని టీ తాగి, రెండు బిస్కెట్లు తిని, వెలుగు పోకముందే ఇంటికి చేరేది. రాకెట్లు తయారుచేసేవాళ్లకి ఎవరికైనా ఇందులో అనుమానం ఉంటే మా వీధికొచ్చి అడగవచ్చు. ఇస్త్రీ షాపు అతను సాక్ష్యం చెబుతాడు. అతనుండేది బుధ గ్రహం మీద.

అమ్మమ్మకి ఉన్నది ఒక్కటే పిచ్చి. కొలత. ఆమె టైలరు. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు మా వీధిలో లేరు. ఎవరైనా కొత్తవాళ్లు గుమ్మంలోకి రాగానే అందరూ మొహం చూస్తే, ఆమె భుజాలు చూసేది. "బాగున్నారా" అనే ముందు "పదహారున్నర" అనేది. మా నాన్న మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున "అబ్బాయి మంచివాడే కానీ ఎడమ భుజం అరంగుళం కిందికుంది" అని తేల్చేసింది. ఆయన ఈనాటికీ ఫొటో అంటే చాలు, ఆ భుజం ఎత్తిపెట్టి నిలబడతాడు.

కొలత విషయంలో ఆమెతో బేరాలు కుదరవు. బేకరీ ఆయన ఒకసారి ప్యాంటు కుట్టించుకోడానికి వచ్చి, నడుము అంకె విని నొచ్చుకున్నాడు.

"పోయినసారి ముప్పై ఆరే కదండీ. మీ టేపు సాగిందేమో?"

"టేపు అబద్ధం చెప్పదు బాబూ. మనిషే పొట్ట లోపలికి లాక్కుంటాడు. ముందు ఊపిరి వదులు."

ఆయన వదిలాడు. ఇంకో అంగుళం పెరిగింది.

ఇలాంటి మనిషి దగ్గరికి మా స్కూలు సైన్సు మాస్టారు ఒక పాఠ్యపుస్తకం పట్టుకొచ్చారు. వార్షికోత్సవానికి నల్లటి తెర మీద సౌర కుటుంబం కుట్టిపెట్టాలట. పుస్తకంలో బొమ్మ ఉంది. మూలన సూర్యుడు, అక్కణ్ణుంచి గ్రహాలన్నీ వరసగా, చొక్కాకి గుండీలు కుట్టినట్టు సమానమైన ఎడంతో ఉన్నాయి.

"ఇవి అసలు కొలతలేనా?" అంది అమ్మమ్మ.

"కాదండీ. బొమ్మలో పట్టాలి కదా. నిజానికి చాలా దూరం."

"చాలా అంటే?"

మాస్టారు నిజాయితీపరుడు. పాపం, కాగితం మీద లెక్క వేసి చూపించారు. సూర్యుడు అడ్డంగా ఒక మీటరు ఉంటాడనుకుంటే భూమి చొక్కా కాలరుకి పెట్టే బుల్లి గుండీ అంత. ఆ గుండీ ఉండాల్సింది తెర మీద కాదు, నూటేడు మీటర్ల అవతల. నెప్ట్యూన్ అయితే ఊరి చివర.

అమ్మమ్మ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది.

"చెయ్యి కొలత తీసుకుని చొక్కా చేతులు రెండూ కాలరు పక్కనే అతికిస్తానా మాస్టారూ? పిల్లలకి ఇలాంటి బొమ్మ చూపిస్తే రేపు వాళ్లు ఏం కుడతారు?"

"తెర ఇరవై అడుగులేనండీ ఉంది."

"అయితే తెర చాలదు. వీధి కావాలి."

అలా మొదలైంది. మా షాపుకి రోలింగ్ షట్టర్ ఉంది. బోర్డులు రాసే ఆయన్ని పిలిపించి దాని మీద సరిగ్గా ఒక మీటరు గుండ్రంగా పసుపుపచ్చటి సూర్యుణ్ణి వేయించింది. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. పొద్దున షాపు తెరవగానే షట్టర్‌తో పాటు సూర్యుడూ పైకి చుట్టుకుపోతాడు. సాయంత్రం షాపు మూయగానే ఉదయిస్తాడు. మా వీధి పిల్లలు సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడని పరీక్షలో అడిగితే "ఆరింటికి, టైలరమ్మ తాళం వేశాక" అని రాసేవారు. మాస్టారు ఆ జవాబులకి సగం మార్కులు వేసేవారని విన్నాను.

కొలవడానికి టేపు రెండో కొస పట్టుకునే పని ఇస్త్రీ షాపు అతనికి పడింది. అందుకని మొదటి గ్రహం అతని కిటికీకే వచ్చింది. బుధుడు, ఆవగింజ కంటే కాస్త పెద్ద పూస. తర్వాతది శుక్రుడు, బేకరీ తలుపుకి. అక్కడ తగువు మొదలైంది.

"అన్నిటికన్నా వేడి గ్రహం శుక్రుడని మాస్టారు చెప్పారండీ. సూర్యుడి పక్కనున్నది నేనైతే వేడి ఆయనకెలా ఎక్కువవుతుంది?" అన్నాడు ఇస్త్రీ అతను.

"నువ్వు బనీనుతో నిలబడ్డావు. ఆయన లైనింగ్ వేసిన కోటు తొడుక్కున్నాడు. లోపలి వేడి బయటికి పోదు" అంది అమ్మమ్మ. దట్టమైన మేఘాల సంగతి మాస్టారు పది నిమిషాలు చెప్పినా ఎక్కనిది ఇద్దరికీ ఒక్క ముక్కలో ఎక్కింది. అయినా తగువు ఆగలేదనుకోండి.

అసలు గొడవ భూమితో వచ్చింది. కొలుచుకుంటూ పోతే భూమి సరిగ్గా వీధి చెత్తకుండీ దగ్గర పడింది.

మా అమ్మ తల పట్టుకుంది. "అమ్మా, రెండడుగులు ఇవతల మందుల షాపు ఉంది. అద్దాల తలుపు. ఎంత బాగుంటుంది! అక్కడ పెట్టవే."

"కొలత ఇక్కడికి వచ్చింది."

"చెత్తకుండీకి భూమిని అంటిస్తావా?"

"భూమి ఎక్కడుండాలో అక్కడే ఉంది. చెత్త మనం వేశాం."

కుండీ వెనక గోడకి అంటించింది. వారం తిరక్కుండా మునిసిపాలిటీ వాళ్లు ఆ కుండీని రోడ్డు అవతలికి జరిపారు. గుండీ మిగిలిన గోడకి ఎవరో సున్నం కూడా వేశారు. అమ్మమ్మ మాత్రం దాన్ని తన గొప్పగా ఎప్పుడూ చెప్పుకోలేదు. కుండీ జరిగింది కానీ భూమి జరగలేదు, అది చాలంది.

అంగారకుడు మాస్టారి గేటుకే పడ్డాడు. అక్కడి నుంచి తాడు కావాల్సొచ్చింది. ఎంత నడిచినా ఏ గ్రహమూ రాదు. నాకు కాళ్లు పీకి "ఇంత ఖాళీ ఎందుకమ్మమ్మా?" అన్నాను. "పెరిగే పిల్లల బట్టలకి లోపల ఎక్కువ వదలమూ? అలాగే వదిలారు" అంది. చివరికి పెట్రోలు బంకు వచ్చింది. గాలి కొట్టే స్తంభానికి గురుణ్ణి వేలాడదీశారు. చారల చొక్కా గుడ్డతో కుట్టిన బంతి, నారింజపండంత. అన్నిటిలోకీ పెద్ద గ్రహం తన దగ్గరికి వచ్చిందని బంకు ఆయన పొంగిపోయాడు. అయినా ఒక సందేహం మిగిలింది.

"ఇదంతా బానే ఉందమ్మా. అంతంత దూరాలకి మిషన్లు పంపి ఏం చూస్తారంటారు? అక్కడ ఏముందని?"

"ఏముందో ముందే తెలిస్తే వెళ్లడం ఎందుకు?"

శని బస్టాండులో విచారణ గది కిటికీకి పడింది. కాలరు లోపల పెట్టే బక్రం గుడ్డతో బిరుసుగా కత్తిరించిన ఉంగరం చుట్టూ పెట్టి తీసుకెళ్లింది. కౌంటరు గుమాస్తా గాభరాపడ్డాడు.

"శనిని తెచ్చి నా నెత్తిన పెడతారేంటండీ?"

"నీ దగ్గరికి బస్సు వివరాలడగడానికి వచ్చినవాళ్లంతా ఆ మాటే అనుకుంటూ వెళ్తున్నారు నాయనా. కొత్తగా నేను పెట్టేదేం లేదు."

యురేనస్ మిగతా గ్రహాల్లా నిలబడి తిరగదట, పక్కకి ఒరిగి దొర్లుతుందట. అది ఆస్పత్రి వాచ్‌మన్ గదికి పడింది. అతను మధ్యాహ్నం అంతా పక్కకి ఒరిగే ఉంటాడు కాబట్టి గుండీ తగిలించినప్పుడు కూడా లేవలేదు.

తాడు పట్టుకునేవాళ్ల ఓపిక అక్కడితో అయిపోయింది. ఇస్త్రీ అతను బుధుడికి తిరిగి వెళ్లిపోయాడు. నేను వాచ్‌మన్ పక్కన బల్ల మీద ఒరిగాను. మాస్టారు చెప్పులు విడిచి అరికాళ్లు చూసుకుంటూ, ఇంతకీ నిజంగా నెప్ట్యూన్ దగ్గరికి వెళ్లింది ఒకే ఒక్క నౌక అని, అదీ ఆగకుండా పక్క నుంచి దాటిపోయిందని చెప్పారు.

అమ్మమ్మ తాడు చుడుతున్నదల్లా ఆగింది.

"ఆగలేదా?"

"లేదండీ. ఫొటోలు తీసుకుంటూ వెళ్లిపోయింది."

"తర్వాత ఇంకెవరూ వెళ్లలేదా?"

"ఇప్పటిదాకా లేదు."

"అంత దూరం వెళ్లి, గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లిపోయారా? మళ్లీ ఎవరూ పలకరించలేదా? ఏం మనుషులండీ!"

"మనుషులు లేరండీ అందులో. అయినా ఇంకా దూరం పోవాల్సి ఉంది దానికి. ఇక పక్క నక్షత్రం అంటే, మన లెక్కలో భూగోళం చుట్టూ దాదాపు ముప్పావు వంతు వెళ్లాలి."

"వాళ్లకి వేరే టైలరు ఉంటాడులెండి. ముందు మన వీధి సంగతి చూద్దాం" అని నీలం ఓవర్‌కోటు గుండీ సంచిలో వేసుకుని, తాడు భుజాన వేసుకుని, ఒక్కతే వెళ్లింది. చీకటి పడుతుండగా తిరిగొచ్చి, నెప్ట్యూన్ పంపుహౌసు పక్క ఆఖరి ఇంటికి, కాజాలావిడ కిటికీకి పడిందని చెప్పింది.

కాజాలావిడ అంటే మా షాపులో ఏళ్ల తరబడి కాజాలు కుట్టిన మనిషి. చొక్కాకి గుండీ దూరే చీలికలు, చుట్టూ దారంతో అల్లేవి, అవి చేత్తో కుట్టడంలో ఆమెకి సాటి లేదు. చూపు తగ్గి ఒక కాజా వంకర పోయిన రోజున ఎవరూ ఏమీ అనకముందే సూది దిండుకి గుచ్చి లేచిపోయింది. ఆ తర్వాత మా అమ్మ దుప్పటి పంపిస్తే తిప్పిపంపింది. అమ్మమ్మ చూడ్డానికి వెళ్తే, "పని లేనిచోటికి రాకూడదక్కా. నేనూ రాను, నువ్వూ రావద్దు" అని తలుపు దగ్గరే చెప్పేసింది. ఊరికే వచ్చేది పలకరింపైనా ఆమె పుచ్చుకోదు. అలాంటి మనిషి ఇంటికి పోయి పోయి నెప్ట్యూన్ పడింది. కొలత అంటే అంతేగా మరి, ఎవరింటికి పడుతుందో ముందే తెలియదు.

అప్పటి నుంచి అమ్మమ్మ ప్రతి ఆదివారం నెప్ట్యూన్ తనిఖీకి వెళ్లేది. వానకీ ఆగలేదు, ఎండకీ ఆగలేదు. "ఇంత పెద్దది ఎందుకే? సూర్యుణ్ణి నిమ్మకాయంత చేసేస్తే అన్నీ మన సందులోనే పడతాయి కదా!" అని అమ్మ వెంటపడేది.

"సందులో ఉంటే అది నెప్ట్యూన్ ఎలా అవుతుంది?"

"మరి మోకాళ్లు?"

"మోకాళ్లకి ఏ గ్రహమూ ఇవ్వలేదు. అవి మాట్లాడకూడదు."

కానీ ఈ మధ్య కుడి మోకాలు మాట్లాడ్డం మొదలుపెట్టింది. పెద్దగానే మాట్లాడింది. డాక్టరు చూసి అమ్మమ్మని కుర్చీ దాటవద్దన్నాడు. రెండు ఆదివారాలు నెప్ట్యూన్‌కి ఎవరూ వెళ్లలేదు. అమ్మమ్మ మిషన్ ముందు కూర్చుని మా నాన్న చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టింది. అంత పరధ్యానం ఆమెలో ఎవరూ ఎరగరు.

సరిగ్గా అప్పుడే మాస్టారు మెరిసే మొహంతో వచ్చారు. ఒక్కో గ్రహం దగ్గర స్కూలు తరఫున ఇనప బోర్డులు పాతిస్తారట. పిల్లలందరినీ సూర్యుడి దగ్గర నుంచి నడిపిస్తారట. రోడ్డు కాంట్రాక్టరు దగ్గర దూరాలు కొలిచే చక్రం అడిగి తెచ్చారు. తోసుకుంటూ పోతే అంకె దానంతటదే తిరుగుతుంది.

"బోర్డులు కదా. ఒకసారి పాతాక తియ్యలేం. అందుకని అన్నీ మళ్లీ కొలుస్తాను. ఎక్కడికి వస్తే అక్కడే గ్రహం."

"మళ్లీ కొలవడం అంత అవసరమా మాస్టారూ?" అంది అమ్మమ్మ.

షాపులో పని నేర్చుకుంటున్న నేను చేతిలో కత్తెర కింద పెట్టేశాను. కొలత అవసరమా అని మా అమ్మమ్మ అడగడం! మాస్టారు కూడా తన చెవులే తప్పనుకున్నట్టున్నారు.

కొలత మొదలైంది. భూమి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. గురుడు సరిపోయాడు. శనీ యురేనస్సూ సరిపోయాయి. మాస్టారు ఆశ్చర్యంతో తలాడిస్తూనే ఉన్నారు. మర్నాటికి ఆయనకీ మోకాళ్లు పట్టేశాయి. చివరి ముక్క నాకు అప్పజెప్పారు.

"తోసుకెళ్లు. ఈ అంకె ఎక్కడొస్తే అక్కడ సున్నంతో గీత గియ్యి. బోర్డు అక్కడ పాతిస్తా."

బయల్దేరుతుంటే అమ్మమ్మ కేకేసి నా మెడలో తన టేపు వేసింది. ఎప్పుడూ ఎవరికీ ఇవ్వనిది.

"ముందు గుండీ ఎలా ఉందో అడుగు. కొలత మాట ముందే ఎత్తకు. టీ ఇస్తే వద్దనకు."

చక్రం తోసుకుంటూ వెళ్లాను. మాస్టారు చెప్పిన అంకె వచ్చేసింది. తలెత్తి చూస్తే ఎదురుగా సిమెంటు గోడౌను గోడ. ఇళ్లూ లేవు, మనుషులూ లేరు. పంపుహౌసు ఎక్కడో ముందు, చెట్ల వెనక కనిపించీ కనిపించకుండా ఉంది. ఆగిచూశాను. కాలరుకి కాలంగుళం తేడా వస్తే మొత్తం విప్పించే మనిషి, అందమైన అద్దాల తలుపు కోసం భూమిని రెండడుగులు జరపని మనిషి, నెప్ట్యూన్‌ని మాత్రం ఇంత దూరం మోసుకుపోయింది.

సున్నం డబ్బా మూసేసి ముందుకి నడిచాను.

కాజాలావిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. చూపు ఆననట్టు నా మెడలోని టేపు కేసి మొహం చిట్లించి, "వచ్చావా అక్కా?" అంది. నేనని తెలిశాక గొంతు గట్టి చేసుకుంది.

"ఆమె రాలేదేం?"

"మోకాలు నొప్పి చిన్నమ్మమ్మా. గుండీ ఎలా ఉందో చూసి రమ్మంది."

"చూసుకో."

నీలం గుండీ కిటికీకి అంటించి లేదు. కిటికీ తెరకి కాజా కుట్టి, అందులో దూర్చి ఉంది.

"మీ అమ్మమ్మ ప్రతివారం వచ్చి దానికో వంక పెడుతుంది. గింజంత వదులుందంటుంది, దారం బిగుసుకుపోయిందంటుంది. నేను వారమంతా కూర్చుని తడుముకుంటూ విప్పి మళ్లీ కుడతాను. పిచ్చిది పాపం! గ్రహాలంటుంది, దూరాలంటుంది. నేను కాదంటే ఈ ఊళ్లో ఆ గుండీని ఎవరు పెట్టుకుంటారు చెప్పు? మనసు నొప్పించడం ఎందుకని ఒప్పుకున్నా."

నేను తలూపాను. ఆమె కాసేపు చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"కొలత ఎక్కడికి వస్తే అక్కడే బోర్డు పాతుతారని పాలతను చెప్పాడు. ఇక్కడిదాకా రాలేదా?"

అంటూనే లేచి వెళ్లి, వేళ్లతో గుండీని తడిమింది. "పట్టుకుపో. నాకేం ఇబ్బంది లేదు. ఆదివారం ఆదివారం ఈ తనిఖీలు తప్పుతాయి, హాయిగా ఉంటుంది" అంటూ విప్పబోయింది. కాజా బిగువుగా ఉంది. గుండీ ఓ పట్టాన రాలేదు.

నేను దగ్గరికి వెళ్లి చూశాను. అంత తిన్నని కాజా మా షాపులో ఇప్పుడు మిషన్ మీద కూడా రాదు.

"విప్పకండి చిన్నమ్మమ్మా. కానీ ఈ కాజా బాగాలేదు. కింద గింజంత వంకర పోయింది. వచ్చే ఆదివారానికల్లా మళ్లీ కుట్టాలి."

ఆమె చెయ్యి ఆగింది. కళ్లు చిట్లించి నన్ను కిందా మీదా చూసింది.

"అచ్చం ఆ నోరే! కత్తెర సరిగ్గా పట్టుకోవడం రాదు కానీ వంకలు పెట్టడం మాత్రం వచ్చింది. కూర్చో, టీ పెడతా."

తిరిగొచ్చేసరికి మాస్టారు అంగారకుడి దగ్గర, అంటే తన గేటు దగ్గర, కాళ్లకి వేడినీళ్ల సంచి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఎక్కడికి వచ్చింది?"

"సరిగ్గా కిటికీ దగ్గరికే మాస్టారూ."

"నీకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చేవి?"

"ఆ సంగతి ఇప్పుడెందుకండీ."

"అదే నా ధైర్యం. నీకు అంకె కల్పించడం కూడా రాదు" అని పుస్తకంలో టిక్కు పెట్టుకున్నారు.

అమ్మమ్మని మోసం చెయ్యడం అంత సులువు కాదు. అసలు చెయ్యాలనీ అనుకోలేదు. ఇన్నాళ్లకి ఆమె కొలతలో తప్పు దొరికింది, ఊరికే వదులుతానా? షాపులోకి వెళ్లగానే టేపు తీసి ఆమె ముందు పెట్టాను.

"గుండీ ఎలా ఉంది?" అంది తలెత్తకుండా.

"గుండీ బానే ఉంది. నెప్ట్యూనే బాలేదు. అంకె సిమెంటు గోడౌను గోడ దగ్గరే వచ్చేసింది అమ్మమ్మా. ఆ ఇల్లు ఇంకా ఎంతో దూరం. టేపు అబద్ధం చెప్పదు, మనిషే పొట్ట లోపలికి లాక్కుంటాడు అన్నది ఎవరు? మరి ఇప్పుడు ఎవరు లాక్కున్నారు?"

అమ్మమ్మ టేపు తీసుకుని మెడలో వేసుకుంది. దారం పళ్లతో పుటుక్కున కొరికింది.

"చక్రం అరిగిపోయి ఉంటుందే మొద్దూ. వచ్చే ఆదివారం వెళ్లి మళ్లీ కొలువు. సరిపోయేదాకా ప్రతి ఆదివారం కొలువు."